జీవకణములోని పగ్గములు

వానాకాలములో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల పల్లెలలో గొర్రెలమంద వెంట నడచు కాపరి భుజముపై నల్లని గొంగడి కనబడును. జల్లు వచ్చినపుడు అతడు దానిని తలమీదుగా కప్పుకొనును. రాత్రివేళ అదే పరుపు, చలిలో అదే దుప్పటి, అవసరమైనచో అదే మూటగుడ్డ. దక్కనీ జాతి నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి, వడకి, చింతగింజల గంజి పట్టించి కురుమ కులస్థులు తరతరములుగా నేయుచు వచ్చిన గుడ్డ యిది. ఉన్ని తన బరువులో మూడవ వంతుకు దగ్గరగా నీటిని పీల్చుకొనియు తడి చేతికి తెలియనీయదు. ఎంత లాగినను, నలిపినను, తొక్కినను ఏండ్ల తరబడి నిలుచును.

ఇంత గట్టితనము ఉన్నికి ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్న గొర్రెల కాపరికి మాత్రమే సంబంధించినది కాదు. ఉన్నిలో ఉన్న మాంసకృత్తునకు దగ్గరి చుట్టములైన మాంసకృత్తులు మన చర్మములో, కాలేయములో, కండరములలో, నాడులలో, కడకు ప్రతి కణకేంద్రపు గోడలోను ఉన్నవి. అవి సరిగా ఉన్నంతకాలము వాటి ఉనికియే మనకు తెలియదు. వాటిలో ఒక్క అక్షరము తప్పినచో, తల్లి యెత్తుకొన్నంత మాత్రముననే బిడ్డ చర్మము పొక్కిపోవును. ఈ మాంసకృత్తులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మధ్యమ తంతువులు.

ఉన్ని చెప్పిన సంగతి

ఇంగ్లండులో లీడ్స్ నగరము ఉన్ని పరిశ్రమకు పేరుగన్నది. అక్కడి విశ్వవిద్యాలయములో వస్త్ర భౌతికశాస్త్రమును బోధించుచుండిన విలియం ఆస్ట్‌బరీ 1930 దశాబ్దపు ఆరంభములో ఉన్నిపోగులను, వెంట్రుకలను ఎక్స్-కిరణముల దారిలో ఉంచి ఛాయాచిత్రములు తీసెను. మామూలు ఉన్ని ఒక రకము గుర్తుల నిచ్చినది. దానినే తడిపి, ఆవిరిలో ఉంచి, బాగుగా సాగదీసి చూచినపుడు వేరొక రకము గుర్తులు కనబడినవి. లోపలి అణువులు మడతలు పడి యున్నవనియు, లాగినపుడు ఆ మడతలు విప్పుకొని చాపవలె పరచుకొనుచున్నవనియు ఆయన ఊహించెను. మొదటి రూపమునకు ఆల్ఫా అనియు, సాగిన రూపమునకు బీటా అనియు పేర్లు పెట్టెను.

ఆ మడత ఎట్టిదో తెలియుటకు మరి ఇరువది యేండ్లు పట్టినది. 1951లో అమెరికాలో లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ, హెర్మన్ బ్రాన్సన్ అనువారు మాంసకృత్తు గొలుసు కుడివైపు పురి తిరిగిన మెట్లవలె చుట్టుకొనునని చూపిరి. ఇదియే ఆల్ఫా సర్పిలము. అయితే ఒక చిక్కు మిగిలినది. పౌలింగ్ లెక్కప్రకారము ఒక చుట్టునకును మరియొక చుట్టునకును మధ్య దూరము 5.4 ఆంగ్‌స్ట్రాములు. ఆస్ట్‌బరీ ఉన్నిలో కొలిచినది 5.1. తేడా చాల స్వల్పము. కాని కొలతలో పొరపాటు లేదు, లెక్కలోను పొరపాటు లేదు.

ఈ చిక్కును 1952లో కేంబ్రిడ్జిలోని ఫ్రాన్సిస్ క్రిక్ విప్పెను. ఉన్నిలో సర్పిలములు ఒంటరిగా నిలువున నిలచి యుండవు. ఒకదానిని మరియొకటి పెనవేసికొని, సుమారు 20 డిగ్రీలు వాలి యుండును. వాలిన మెట్లను ప్రక్కనుండి కొలిచినపుడు మెట్టు ఎత్తు కొంత తగ్గి కనబడును. 5.4 తగ్గి 5.1 అగుటకు ఇదియే కారణము. పౌలింగ్, కోరీలు కూడ ఆ కాలముననే ఇట్టి పెనవేత అభిప్రాయమునకు వచ్చిరి. మరుసటి సంవత్సరము, 1953లో, క్రిక్ పేరు డి.ఎన్.ఏ. నిర్మాణముతో లోకమంతట మారుమ్రోగినది. కాని ఉన్నిపోగులోని ఆ మూడు పదవవంతుల తేడా కూడ జీవశాస్త్రమునకు తక్కువ మేలు చేయలేదు.

పల్లెలో త్రాడు పేనువానిని చూచినవారికి ఇందులో వింత యేమియు కనబడదు. అతడు నారను ఒక వైపునకు పురి పెట్టి పేటలు చేయును. ఆ పేటలను కలిపి పేనునపుడు ఎదురు వైపునకు త్రిప్పును. రెండు పురులు ఒకదానినొకటి అదిమి పట్టుకొనుటచే త్రాడు విడిపోదు. ప్రకృతియు అట్లే చేసినది. ఒక్కొక్క గొలుసు కుడివైపు పురి, రెండు గొలుసుల పెనవేత ఎడమవైపు పురి.

కొమ్ము వేరు, ఈక వేరు

ఉన్ని, వెంట్రుక, గోరు, గిట్ట, కొమ్ము, వీటన్నిటిలోను ఉన్న ఈ మాంసకృత్తును కెరాటిన్ అందురు. అయితే పైకి ఒకేవిధముగా కనబడు వస్తువులన్నియు కెరాటిన్ కావు. దీనికి ఆదిలాబాద్ అడవులలోనే మంచి ఉదాహరణ మున్నది. దీపావళి రోజులలో రాజగోండులు జరుపుకొను దండారీ పండుగలో గుస్సాడీ నర్తకులు నెమలి ఈకల పెద్ద టోపీలు ధరింతురు. కొన్ని టోపీలకు జింక కొమ్ములును, నర్తకుల భుజములపై మేకతోలును ఉండును. ఈ ఒక్క వేషములోనే మూడు పదార్థముల పాఠ మిమిడి యున్నది.

మేకతోలుపై ఉన్న వెంట్రుక ఉన్నివంటిదే, ఆల్ఫా కెరాటిన్. జింక కొమ్ము అసలు కెరాటినే కాదు. అది ఎముక. అందుచేతనే జింక ఏటేటా దానిని రాల్చి మరల పెంచుకొనగలదు. మేక, పొట్టేలు, ఎద్దు కొమ్ములు అట్లు రాలవు. వాటిలో లోపల ఎముక, పైన కెరాటిన్ తొడుగు ఉండును. ఇక నెమలి ఈకలో అధికభాగము బీటా కెరాటిన్ అనబడు వేరొక మాంసకృత్తు. పేరు కలిసినను వంశము వేరు. ఇది పక్షులలోను, సరీసృపములలోను మాత్రమే కలదు. దాని గొలుసులు సర్పిలములుగాక పలకలుగా అమరి యుండును. మధ్యమ తంతువుల కుటుంబములో దీనికి చోటు లేదు.

కణమునకు ఎముకలున్నవా?

పాఠ్యపుస్తకములలో జీవకణమును గుండ్రని సంచివలె గీసి, నడుమ కేంద్రకమును, చుట్టును జీవరసమును చూపుదురు. సంచిలో నీరు పోసినచో అది ఎక్కడ వంచిన అక్కడ వంగును. కాని కణము అట్లు కాదు. చర్మకణము బల్లపరుపుగను, నాడీకణము పొడవైన దారమువలెను, కండరకణము కదురువలెను ఉండును. లోపల ఏదో కట్టడము లేనిదే ఇది సాధ్యము కాదు.

ఆ కట్టడములో మూడు రకముల తంతువులున్నవి. మొదటివి ఏక్టిన్ తంతువులు. ఇవి సుమారు 7 నానోమీటర్ల మందము కలవి. కణము ప్రాకుటకు, ముడుచుకొనుటకు ఇవి తోడ్పడును. రెండవవి సూక్ష్మనాళికలు. ఇవి సుమారు 25 నానోమీటర్ల మందము కల గొట్టములు. కణములోని సరుకులు వీటివెంట బండ్లవలె నడచును. కణవిభజనలో క్రోమోసోములను లాగునవి కూడ ఇవియే. మూడవవి 10 నానోమీటర్ల మందము గలవి. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. సుమారు 7,000 తంతువులను ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక తలవెంట్రుక మందమగును.

1968లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో ఇషికావా, బిషాఫ్, హోల్ట్‌జర్ అను మువ్వురు, కోడిపిండము నుండి తీసి పెంచిన కండరకణములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. కండరములోని సన్నని ఏక్టిన్ పోగులకంటె లావై, లావైన మయోసిన్ పోగులకంటె సన్ననై యున్న పోగులు వారికి కనబడినవి. రెంటికిని నడుమ ఉండుటచే వాటికి మధ్యమ తంతువులని పేరు వచ్చినది. పేరులో వాటి పని యేమియు తెలియదు. పని తెలియుటకు మరి ఇరువది సంవత్సరములకు పైగా పట్టినది.

1982లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయములో ఇజ్రాయెల్ హనుకోగ్లూ, ఎలేన్ ఫుక్స్ అనువారు మానవ చర్మములోని ఒక కెరాటిన్‌లో ఎమినో ఆమ్లముల వరుసను దాని జన్యువు నకలునుండి చదివిరి. వరుసలో అక్షరములు కొన్ని మారినను, కట్టడములో అది ఉన్ని కెరాటిన్‌నకు తోబుట్టువని తేలినది. మానవునిలో మధ్యమ తంతువులకు చెందిన జన్యువులు సుమారు 70 కలవు. వాటిలో 54 కెరాటిన్‌లకే చెందినవి. ఇంత పెద్ద కుటుంబమైనను మొక్కలలో వీటి జాడ లేదు. గట్టి కణకవచము గల మొక్కకణమునకు ఈ పగ్గములతో పని లేదు కాబోలు.

త్రాడు పేనెడి విధము

మధ్యమ తంతువు ఏర్పడు తీరును మెట్టుమెట్టుగా చూతము. ప్రతి గొలుసునకు తల, నడుము, తోక అని మూడు భాగములున్నవి. నడుము భాగములో సుమారు 310 ఎమినో ఆమ్లములు సర్పిలముగా చుట్టుకొని యుండును. ఈ వరుసలో ఏడింటి కొకసారి ఒక క్రమము మరల మరల వచ్చును. ఆ ఏడింటిలో మొదటిదియు, నాల్గవదియు సామాన్యముగా నీటికి దూరముగా నుండ గోరునవి. ఇట్టివన్నియు సర్పిలమున ఒకే ప్రక్కకు వచ్చుటచే అక్కడ ఒక జిడ్డు చార ఏర్పడును. రెండు గొలుసుల జిడ్డు చారలు నీటిని తప్పించుకొనుటకై ఒకదానికొకటి అంటుకొనును. ఇదియే పెనవేతకు మూలము.

కెరాటిన్‌లలో ఇంకొక నియమమున్నది. ఆమ్లగుణముగల గొలుసు, క్షారగుణముగల గొలుసుతోనే జతకట్టవలెను. కాడికి ఒకే యెద్దును కట్టినచో దుక్కి సాగదుగదా! చర్మపు అడుగు పొరలో 14వ కెరాటిన్‌కు 5వ కెరాటిన్ జోడు. అవే కణములు పై పొరకు చేరినపుడు 10వ దానికి 1వది జోడు. కాలేయములో 18వ దానికి 8వది జోడు.

ఇట్లు జతకట్టిన ఒక్కొక్క పేట పొడవు సుమారు 45 నానోమీటర్లు. రెండు పేటలు తలక్రిందులుగా, కొంచెము ముందు వెనుకలుగా ప్రక్కప్రక్కన చేరును. అట్టివి ఎనిమిది కలిసి కట్టగా ఏర్పడును. అనగా త్రాడు నడ్డముగా కోసి చూచినచో అందు 32 గొలుసులుండును. ఇట్టి కట్టలు ఒకదాని చివర ఒకటి అతుకుకొని పొడవైన తంతువగును. ఏక్టిన్‌కుగాని, సూక్ష్మనాళికకుగాని ముందు వెనుకలను భేదము కలదు. అందుచే వాటిపై సరుకు నడచుటకు దిశ యుండును. మధ్యమ తంతువున పేటలు తలక్రిందులుగా చేరుటచే రెండు చివరలును ఒక్కటే. కావున ఇది బాట కాదు, పగ్గము.

ఈ పగ్గము గుణము నులకమంచమును చూచి గ్రహింపవచ్చును. ఎవరైన కూర్చున్నపుడు నులక కొంచెము సాగి, బరువును నాలుగు పట్టెలకును పంచును. లేచినపుడు మరల బిగియును. కణములో కెరాటిన్ తంతువులు కేంద్రకము చుట్టునుండి అంచులవరకు వలగా అల్లుకొని యుండును. అంచులలో డెస్మోసోములనెడి గుండీల వద్ద ముడిపడును. ఆ గుండీలకు అవతల ప్రక్క కణపు తంతువులు ముడిపడి యుండును. ఒకచోట పడిన లాగుడు ఈ విధముగా వేలకొలది కణములకు పంచబడును. ఏక్టిన్, సూక్ష్మనాళికలు స్వల్పముగా సాగినంతనే తెగిపోవును. మధ్యమ తంతువు రెండింతలకు పైగా సాగియు నిలువగలదు. అట్లు సాగునపుడు లోపలి సర్పిలములు విప్పుకొని పలకలుగా మారును. ఆస్ట్‌బరీ ఆవిరిపట్టిన ఉన్నిలో చూచినది సరిగా ఇదియే.

ఉన్నికిని చర్మకణములోని కెరాటిన్‌కును ఒక భేదము చెప్పవలెను. ఉన్నిలో గంధకము గల సిస్టీన్ అను ఎమినో ఆమ్లము ఎక్కువ. ప్రక్కప్రక్క గొలుసులలోని గంధక పరమాణువులు చేతులు కలిపి గొలుసులను ఒకటిగా బంధించును. అందుచే అది గట్టిపడును. విద్యార్థులు ఒక ఉన్నిపోగును, ఒక నూలుపోగును ఉపాధ్యాయుని సమక్షములో కాల్చి చూడవచ్చును. నూలు కాగితము కాలిన వాసన నిచ్చును. ఉన్ని ముడుచుకొనిపోవుచు వెంట్రుక కాలిన ఘాటువాసన నిచ్చును. ఆ ఘాటులో గంధకము పాలు కూడ కలదు. అట్లే ఒక పొడి వెంట్రుకను, ఒక తడి వెంట్రుకను మెల్లగా లాగి చూచినచో తడిది ఎక్కువ సాగుట కనబడును.

అరచేతి కాయలు

సింగరేణి గనులలో పనిచేయువారి అరచేతులలోను, నాగలి పట్టు రైతు వ్రేళ్ళ మొదట్లోను, చెప్పులు లేక నడచువారి మడమలలోను చర్మము గట్టిపడి కాయలు కాయును. చర్మము పనికి ఇచ్చు జవాబిది. రాపిడి పడిన చోట అడుగు పొరలోని కణములు త్వరత్వరగా విభజన చెందును. అపుడు 6, 16, 17 సంఖ్యలు గల కెరాటిన్‌లు అధికముగా తయారగును. కణములు పైకి నెట్టబడుకొలది వాటిలో కెరాటిన్ నిండిపోవును. చివరకు కేంద్రకము పోయి, కణము చనిపోయి, కెరాటిన్ పొలుసు మాత్రము మిగులును. మనము ముట్టుకొను చర్మపు పై పొర యంతయు ఇట్టి మృతకణములే. అవి రాలుచుండగా క్రిందినుండి క్రొత్తవి వచ్చుచుండును. అడుగున పుట్టిన కణము పైకి వచ్చి రాలుటకు నెల మొదలు నెలన్నర పట్టును.

ఒక్క అక్షరము తప్పినపుడు

కొందరు పిల్లలకు పుట్టినది మొదలు, లేదా నడక నేర్చినది మొదలు, చిన్న రాపిడికే నీటిపొక్కులు లేచును. మరికొందరికి అరికాళ్ళలో మాత్రమే లేచును. ఎండకాలములో ఇవి హెచ్చును. రామగుండము, ఆదిలాబాద్ ప్రాంతములలో ఎండ 45 డిగ్రీలు దాటు రోజులలో ఇట్టి బిడ్డ బడికి నడచిపోవుట ఎంత బాధాకరమో ఊహించుకొనవచ్చును. ఈ వ్యాధికి ఎపిడెర్మోలిసిస్ బులోజా సింప్లెక్స్ అని పేరు.

దీని కారణము 1991లో బయటపడినది. ఎలేన్ ఫుక్స్ ప్రయోగశాలలో దెబ్బతిన్న 14వ కెరాటిన్ జన్యువును ఎలుకలలో ప్రవేశపెట్టిరి. ఆ ఎలుకల చర్మము రోగుల చర్మమువలెనే పొక్కినది. వెంటనే వారు రోగుల జన్యువులను పరీక్షించగా అందు కొందరిలో 14వ కెరాటిన్‌లోనే తప్పు కనబడినది. ఆ మాంసకృత్తులో 472 ఎమినో ఆమ్లములున్నవి. వాటిలో 125వ స్థానమున ఆర్జినీన్ ఉండవలసిన చోట సిస్టీన్ వచ్చి చేరినది. జన్యువులో ఒకే ఒక అక్షరము మారుటచే వచ్చిన మార్పు ఇది. ఈ స్థానము సర్పిలపు నడుము మొదలగు చోట నున్నది. పేట పేనుటకు మొదటి పట్టు అక్కడనే. పట్టు తప్పినచో త్రాడు నిలువదు. తంతువులు ముద్దలు కట్టును. రాపిడి తగిలినపుడు అడుగు పొరలోని కణము తానే చినిగిపోవును. ఆ ఖాళీలో నీరు చేరి పొక్కు ఏర్పడును.

మధ్యమ తంతువుల పని యేమి అను ప్రశ్నకు ఈ విధముగా జవాబు దొరికినది. కణము చినుగకుండ కాపాడుటయే వాటి మొదటి పని.

సగము గొలుసులు మంచివై, సగము మాత్రమే చెడ్డవైనను వ్యాధి వచ్చుట ఏలయని విద్యార్థులు అడుగవచ్చును. 32 గొలుసులు కలిసి పేనబడు త్రాటిలో కుళ్ళిన పోగులు అక్కడక్కడ కలిసినచో త్రాడంతయు బలహీనపడును. అందుచే తల్లి, తండ్రులలో ఒకరినుండి చెడ్డ జన్యువు వచ్చినను చాలును. అట్టి తల్లికిగాని, తండ్రికిగాని పుట్టు ప్రతి బిడ్డకు ఈ వ్యాధి వచ్చుటకు సగము అవకాశమున్నది. తల్లిదండ్రులిరువురును ఆరోగ్యవంతులైనను క్రొత్తగా బిడ్డలో ఈ మార్పు తలెత్తవచ్చును. అరుదుగా ఇంకొక విధము కలదు. ఇందులో రెండు నకళ్ళును చెడినప్పుడే వ్యాధి కనబడును. దగ్గరి చుట్టరికపు పెండ్లిండ్లలో, అనగా మేనరికములలో, ఇట్టి వాటికి అవకాశము హెచ్చును. తెలుగునాట మేనరికములు వాడుక అగుటచే ఈ సంగతి ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది.

ఇట్లే 9వ కెరాటిన్ చెడినచో చిన్ననాటినుండి అరచేతులు, అరికాళ్ళు మందముగా గట్టిపడును. 1 లేక 10వ కెరాటిన్ చెడినచో పుట్టినపుడు పొక్కులును, పిమ్మట ఒడలంతట పొలుసులును వచ్చును. ఏ పొరలో ఏ జోడు పని చేయునో, ఆ జోడు చెడినపుడు ఆ పొరయే దెబ్బతినును.

కణకేంద్రపు గోడ

మధ్యమ తంతువులు కణరసములోనే గాక కేంద్రకము లోపలను ఉన్నవని 1986లో తేలినది. కేంద్రకపు పొరకు లోపలివైపున అస్తరువలె పరచియున్న లామిన్ అను మాంసకృత్తులు ఈ కుటుంబమునకే చెందినవి. వీటి పని కేంద్రకమునకు ఆకారము నిచ్చుట మాత్రమే కాదు. క్రోమోసోములు ఈ అస్తరును ఆనుకొని యుండుటచే ఏ జన్యువు పనిచేయవలెను, ఏది ఊరకుండవలెను అను విషయములోను వీటికి పాలున్నది. కణము విభజన చెందునపుడు లామిన్‌లకు ఫాస్ఫేట్ అంటింపబడును. వెంటనే అస్తరు విడిపోవును. విభజన ముగిసిన పిమ్మట ఫాస్ఫేట్ తొలగి మరల అల్లుకొనును.

1999లో ఒక రకము కండరక్షీణతకు లామిన్-ఏ జన్యువులోని తప్పు కారణమని కనుగొనిరి. అదే జన్యువులోని వేరు వేరు తప్పులచే గుండెకండరము బలహీనపడుటయు, శరీరములో క్రొవ్వు చోటు తప్పుటయు కలుగునని తరువాత తెలిసినది. ఈ విషయముపై మన హైదరాబాదులోనే ముఖ్యమైన కృషి జరిగినది. 1977లో స్థాపింపబడిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రములో వీణా పర్నాయిక్‌గారును, వారి శిష్యులును లామిన్‌లను దీర్ఘకాలము పరిశోధించిరి. కండరక్షీణత, గుండెకండర వ్యాధులలో కనబడు లామిన్ మార్పులను కణములలో ప్రవేశపెట్టి, కేంద్రకమునకు కలుగు హానిని పరిశీలించిరి.

ఈ జన్యువు కలిగించు అన్నిటికంటె విచిత్రమైన వ్యాధి ప్రొజీరియా. సుమారు 40 లక్షల జననములలో ఒకటిగా కనబడు ఈ వ్యాధిలో పసివారు ముసలివారివలె మారుదురు. జుట్టు రాలును, చర్మము ముడుతలు పడును, సగటున 14, 15 ఏండ్లకే రక్తనాళముల వ్యాధిచే మరణింతురు. 2003లో దీని కారణము తెలిసినది. జన్యువులో ఒక అక్షరము మారుటచే లామిన్-ఏలో 50 ఎమినో ఆమ్లములు తెగిపోవును. కురుచైన ఆ మాంసకృత్తు పొరకు అతుకుకొనిపోయి కేంద్రకమును వికారపరచును. 2020లో అమెరికా ప్రభుత్వము లోనాఫార్నిబ్ అను మందును ఈ వ్యాధికి అనుమతించెను. అది వ్యాధిని పోగొట్టదు గాని ఆయుర్దాయమును కొంత పెంచును.

సాక్షులుగా తంతువులు

తక్కిన అవయవములలోని తంతువుల సంగతియు క్లుప్తముగా చూతము. కండరములో డెస్మిన్, నాడీకణములలో న్యూరోఫిలమెంట్, మెదడులోని సహాయకణములలో జి.ఎఫ్.ఏ.పి., బంధకకణములలో విమెంటిన్ ఉండును. డెస్మిన్ చెడినచో కండరములు, గుండె బలహీనపడును. జి.ఎఫ్.ఏ.పి. చెడుటచే అలెగ్జాండర్ వ్యాధి యను మెదడు జబ్బు వచ్చునని 2001లో తెలిసినది. మద్యపానముచే చెడిన కాలేయకణములలో ముద్దలు కనబడునని బోస్టన్ నగరపు వైద్యుడు ఫ్రాంక్ మల్లోరీ 1911లోనే వర్ణించెను. ఆ ముద్దలలో అధికభాగము 8, 18 కెరాటిన్‌లేయని తరువాత తెలిసినది.

ఒక్కొక్క కణజాతికి ఒక్కొక్క తంతువు గుర్తుగా నుండుట వైద్యులకు గొప్ప సహాయమైనది. శరీరములో ఒకచోట కంతి కనబడినపుడు అది ఎక్కడ పుట్టి అక్కడకు వచ్చి చేరినదో ఆకారమును బట్టి చెప్పుట కష్టము. ఆ ముక్కపై ఆయా తంతువులకు అంటుకొను ప్రతిదేహములు పోసి చూచినచో, కెరాటిన్ ఉన్నది పై పొర కణములనుండి పుట్టినదనియు, డెస్మిన్ ఉన్నది కండరమునుండి పుట్టినదనియు తేలును. ఎటువంటి చికిత్స చేయవలెనో దానినిబట్టి నిర్ణయింతురు. నాడులు దెబ్బతిన్నపుడు న్యూరోఫిలమెంట్ ముక్కలు రక్తములోనికి వచ్చును. వాటి మొత్తమును కొలిచి నాడీవ్యాధుల తీవ్రతను అంచనా కట్టుదురు. 2023లో అమెరికాలో టోఫెర్సెన్ అను మందును ఒక రకము నాడీక్షీణతకు అనుమతించినపుడు ఈ కొలతయే ముఖ్యమైన ఆధారమైనది.

బడిలో తెలిసియుండవలసినది

కెరాటిన్ లోపముచే వచ్చు పొక్కుల వ్యాధిని పూర్తిగా నయము చేయు మందు ఇంకను లేదు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన జన్యులేపనము ఒకటి కలదు. కాని అది కొల్లాజెన్ లోపముచే వచ్చు వేరొక రకమునకు ఉద్దేశింపబడినది. అయినను చేయదగినది చాల ఉన్నది. మెత్తని, వెడల్పైన పాదరక్షలు, నూలుబట్టలు, చల్లని నీడ ఈ పిల్లలకు మేలు. పొక్కును డాక్టరు చెప్పిన రీతిగా శుభ్రమైన సూదితో గ్రుచ్చి నీరు తీసి, అంటుకొనని గుడ్డతో కట్టవలెను. పైచర్మమును పీకరాదు. చీము పట్టినచో వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే బల్లపై కూర్చున్నను, ఒకే కడవనీరు త్రాగినను, చేయి చేయి పట్టుకొన్నను ప్రక్కవానికి రాదు. ఇది ఎవరి పాపమువలనను, ఎవరి దృష్టివలనను వచ్చినది కాదు. నాటువైద్యుని వాతలకు లొంగునదియు కాదు. వాత పెట్టినచో చినిగిన చర్మముపై మరియొక గాయమగును. ఇట్టి బిడ్డను వెనుక బెంచీలో ఒంటరిగా కూర్చుండబెట్టుట, ఆటలగంటలో కసురుట, కాళ్ళు చూచి బడినుండి పంపివేయుట శాస్త్రము తెలియనివారు చేయు పనులు. పిల్లవాడు ఆలస్యముగా నడచి వచ్చినచో ఎందుకని ఒక్కమాట అడుగుటకు ఏ ఎక్స్-కిరణములును అక్కరలేదు.

ఇప్పుడు ఉన్నిలేని గొర్రెజాతులు పెరిగి, మిల్లు దుప్పట్లు చవుకగా దొరుకుటచే నేతగొంగడి అరుదగుచున్నది. ఎక్కడనైన అది చేతికి వచ్చినపుడు ఉపాధ్యాయుడు దానిని తరగతికి తెచ్చి ఒక పోగు లాగి చూపవచ్చును. ఆ పోగు సాగి మరల ముడుచుకొనుట పిల్లలు కండ్లార చూతురు. తమ అరచేతి చర్మములోను అట్టి పగ్గములే ఉన్నవని, తమలో ఒకనికి ఆ పగ్గము పుట్టుకతోనే కొంచెము సన్నమైనదని చెప్పినచో, ఆ బిడ్డను ఆటలో ఎట్లు చేర్చుకొనవలెనో వారే తెలిసికొందురు.